ఊరికొక హెల్త్ ఆఫీసరు: బ్రిటన్‌లో అంటురోగాలను ఆపింది నిజంగా ఆయనేనా?

అబర్దీన్ వాసు
మా పక్కింటి పెద్దావిడకు డెబ్భై దాటాయి. మొన్న ఆదివారం టీకి పిలిస్తే వెళ్ళాను. మాటల్లో డబ్బాలో వచ్చే కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరబెట్టిన గొడ్డుమాంసం) ప్రస్తావన వచ్చింది. "అది మా ఇంటి గడప తొక్కి అరవై ఏళ్ళయింది" అందావిడ. 1964 వేసవిలో ఈ ఊళ్ళో, అంటే స్కాట్లండ్‌లోని అబర్దీన్‌లో, టైఫాయిడ్ చెలరేగింది. 500 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అప్పటికి ఆవిడకు పదేళ్ళు. సిటీ హాస్పిటల్లో వారాల తరబడి ఉంచేశారట. అమ్మానాన్నలు వచ్చినా కిటికీ అద్దానికి అవతలే నిలబడి చెయ్యి ఊపి పోవాలి.

ఆవిడ ఒక మనిషి పేరు పదేపదే చెప్పింది. "డాక్టర్ మెక్వీన్ చేతులు కడుక్కోమన్నాడు, కడుక్కున్నాం. ఊరు దాటొద్దన్నాడు, దాటలేదు." ఎవరీయన అని వెతికితే ఇయన్ మెక్వీన్, నగర కౌన్సిల్ జీతం మీద పనిచేసే మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్. అంటే మన మునిసిపల్ హెల్త్ ఆఫీసరన్నమాట. మంత్రి మాట వినని జనం మునిసిపాలిటీ డాక్టరు మాట అంతలా ఎలా విన్నారు? టైఫాయిడ్, పోలియో, కంఠసర్పి (డిఫ్తీరియా), మశూచి... ఇవన్నీ అక్కడ తగ్గింది ఇలాంటి వాళ్ళ వల్లేనా, లేక మందులూ టీకాలూ వచ్చి తగ్గాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.

చరిత్ర శేషు
నాకు బాగా ఇష్టమైన విషయం ఎత్తారు. ఆ పదవి మొదట పుట్టింది లివర్‌పూల్లో, 1847లో. మొదటి అధికారి విలియం హెన్రీ డంకన్. 1872 చట్టంతో ప్రతి శానిటరీ జిల్లా ఇలాంటి డాక్టరును పెట్టుకోవాల్సిందే అయింది.

అసలు బలం 1889 చట్టంలో ఉంది. ఇంట్లో ఎవరికైనా మశూచో, కంఠసర్పో, స్కార్లెట్ ఫీవరో (పిల్లలకు ఎర్రటి దద్దుర్లతో వచ్చే జ్వరం), టైఫాయిడో ఉందని తెలిస్తే చూసిన డాక్టరు వెంటనే చీటీ రాసి హెల్త్ ఆఫీసరుకు పంపాలి. చీటీకి రెండున్నర షిల్లింగులు ఇచ్చేవారు. ఊరికే చెప్పమంటే ఎవరు చెబుతారు? మొదట ఊళ్ళ ఇష్టానికి వదిలేశారు, 1899లో దేశమంతటా తప్పనిసరి చేశారు. చీటీ అందిన రోజే శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఆ ఇంటి తలుపు తట్టేవాడు. రోగిని ఫీవర్ హాస్పిటల్ (అంటురోగులను విడిగా ఉంచే ఆసుపత్రి) బండి తీసుకుపోయేది. పరుపులు, బట్టలు ఆవిరి యంత్రానికి పోయేవి. గది మూసి పొగబెట్టేవారు.

ఏటా ఆ డాక్టరు తన ఊరి ఆరోగ్యం మీద ఒక నివేదిక రాసి అచ్చు వేయించాలి. లండన్ బరోలవి, అంటే అక్కడి పేటల కౌన్సిళ్ళవి, వెల్‌కమ్ లైబ్రరీ వారు ఇంటర్నెట్లో పెట్టారు. రాత్రి భోజనం చేసి ఒకటి తెరవండి, తెల్లారిపోతుంది. పాలల్లో నీళ్ళెన్ని, ఎలుకలెన్ని, ఏ వీధిలో ఎన్ని మరుగుదొడ్లు, ఏ బడిలో ఎంతమంది పిల్లలకు పేలు, అన్నీ ఉంటాయి.

శానిటరీ శ్రీనివాసు
ఆ ఉద్యోగం ఎక్కడో ఇంగ్లీషు సీమలో ఉన్నట్టు రాస్తున్నారు గానండీ, నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసింది అదే. కోస్తాలో ఒక మునిసిపాలిటీ, పేరెందుకు లెండి. మాకు చట్టం 1939 నాటి మద్రాసు పబ్లిక్ హెల్త్ యాక్టు. మన దేశంలో ఆ తరహా చట్టం అదే మొదటిదని ట్రైనింగులో చెప్పేవారు. హెల్త్ ఆఫీసరు, ఆయన కింద శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, అంటురోగం వస్తే కబురు చెయ్యాలి, బావి మూయించే అధికారం, కుళ్ళిన సరుకు పారబోయించే అధికారం, ఇవన్నీ అందులో ఉన్నాయండి. శేషుగారు రాసింది చదువుతుంటే మా పాత రిజిస్టరు చదువుతున్నట్టే ఉంది.

వాసుగారి ప్రశ్నకు నా జవాబు: జనం మాట వినేది పదవిని చూసి కాదండి. మొహం తెలిసినవాడని వింటారు. నేను వాటర్ ట్యాంకు దగ్గర నిలబడి బ్లీచింగ్ కలపడం చూసిన మనిషి, నేను "కాచి తాగండి" అంటే తాగుతాడు.

లెక్కల మాష్టారు
నాకు ముందు ఇది చెప్పండి. డబ్బాలో పెట్టిన మాంసాన్ని ఉడికించి సీలు వేస్తారు కదా. టైఫాయిడ్ క్రిమి అందులో ఎలా బతికింది?

లీడ్స్ డాక్టర్ రావు
మంచి ప్రశ్న మాష్టారూ. ఉడికించినప్పుడు క్రిములన్నీ చచ్చాయి, అందులో అనుమానం లేదు. తర్వాతే వచ్చింది తంటా. వేడి డబ్బాను చన్నీళ్ళలో చల్లారుస్తారు. చల్లారుతుంటే లోపలి ఆవిరి కుంచించుకుపోతుంది, డబ్బా బయటి నుంచి లాక్కుంటుంది. అతుకు దగ్గర కంటికి ఆనని సందు ఒక్కటున్నా చాలు, చల్లార్చే నీటిని పీల్చేస్తుంది. అర్జెంటీనాలో ఆ ఫ్యాక్టరీ వాళ్ళు చల్లార్చడానికి వాడింది పక్కన పారే నది నీళ్ళు, క్లోరిన్ కలపనివి. ఊరి మురుగంతా ఆ నదిలోకే.

ఇంకొకటి. మామూలుగా చెడిపోయిన డబ్బా ఉబ్బుతుంది, చూసి పారేస్తాం. టైఫాయిడ్ క్రిమి గ్యాసు పుట్టించదు. డబ్బా చక్కగా ఉంటుంది, మాంసం వాసన మారదు, రుచి మారదు.

అబర్దీన్‌లో ఒక సూపర్ మార్కెట్‌లో ఆ పెద్ద డబ్బా విప్పి యంత్రం మీద ముక్కలు కోశారు. అదే కత్తి మీద మిగతా చల్ల మాంసాలూ కోశారు. ఒక్క డబ్బా నుంచి అంతమందికి పాకిందంటే ఆ కత్తే కారణం.

లెక్కల మాష్టారు
అర్థమైంది డాక్టరుగారూ. డబ్బా ఉబ్బలేదు కాబట్టి మంచిదే అనుకునే అలవాటు మా ఇంట్లోనూ ఉంది. ఈరోజే చెబుతాను.

గ్లాస్గో సుధ
ఆ ఒక్క కొట్టే అని ఎలా కనిపెట్టారు? ఊళ్ళో వందల కొట్లుంటాయిగా.

చరిత్ర శేషు
అడిగి, సుధగారూ. ఆసుపత్రిలో చేరిన ప్రతి ఒక్కరినీ, ఇంటివాళ్ళనీ కూర్చోబెట్టి, గడిచిన వారాల్లో ఏం తిన్నారు, ఎక్కడ కొన్నారు, పాలవాడెవరు, నీళ్ళెక్కడివి అని అడిగారు. పాలు వేరు, నీళ్ళు అందరివీ ఒకటే, చల్ల మాంసం దగ్గరకొచ్చేసరికి దాదాపు అందరూ ఒకే కొట్టు పేరు చెప్పారు. ఇటు ల్యాబులో క్రిమి రకాన్ని తేల్చారు, అది దక్షిణ అమెరికా వైపు కనబడే రకం. రెండూ కలిసేసరికి దారి తెలిసిపోయింది.

బాధపెట్టే సంగతి ఏంటంటే, అంతకు ముందు ఏడాదే, 1963లో, హార్లో, సౌత్ షీల్డ్స్, బెడ్‌ఫర్డ్ ఊళ్ళలో టైఫాయిడ్ వచ్చింది. అప్పుడూ వేలు కార్న్‌డ్ బీఫ్ వైపే చూపించింది. పై అధికారులకు తెలుసు. అయినా క్లోరిన్ లేని నీళ్ళతో చల్లార్చిన డబ్బాలన్నిటినీ మార్కెట్ నుంచి తీయించలేదు. అబర్దీన్ పిల్లలు తిన్నది ఆ నిర్లక్ష్యాన్నే.

అబర్దీన్ వాసు
ఇది నాకు తెలియదు. పక్కింటావిడకు కూడా తెలిసి ఉండదు. ఆవిడ ఇప్పటికీ తప్పు ఆ కొట్టుదే అనుకుంటోంది.

రత్న, బ్రాడ్‌ఫర్డ్
మెక్వీన్‌ని మరీ దేవుణ్ణి చెయ్యకండి. రోజూ విలేకరులను కూర్చోబెట్టి మాట్లాడేవాడు, టీవీలో కనబడేవాడు. ఊరు ముట్టడిలో ఉందన్నంత భయం దేశమంతా పాకింది. అబర్దీన్ నుంచి వచ్చామంటే బయటి ఊళ్ళలో దగ్గరకు రానివ్వని పరిస్థితి. తర్వాత ప్రభుత్వం వేసిన మిల్న్ కమిటీ కూడా ఆయన ప్రచారం శ్రుతి మించిందనే తేల్చింది. భయపెట్టడం వేరు, జాగ్రత్త చెప్పడం వేరు. వార్డులో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను, ఆ తేడా నాకు తెలుసు.

శానిటరీ శ్రీనివాసు
రత్నమ్మగారూ, మీ మాట కాదనను. కానీ దాచిపెట్టడం చూసినవాణ్ణి నేను. ఒకసారి మా ఊళ్ళో మంచినీళ్ళ పైపులోకి మురుగు కలిసింది. వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. నేను మైకు పట్టుకుని వీధివీధీ తిరిగి చెబుతానన్నాను. "ఆగవయ్యా, ఊరికి చెడ్డపేరు" అన్నారు పైవాళ్ళు. రెండు రోజులు ఆగాను. ఆ రెండు రోజుల్లో మా పేటలో ఒక ముసలాయన పోయాడండి. అతిగా చెప్పాడని మెక్వీన్ని ఎవరన్నా తిడితే నాకు నోరు రాదు.

రత్న, బ్రాడ్‌ఫర్డ్
శ్రీనివాసుగారూ, అది వేరే బాధ. క్షమించండి, మీ మనసు నొప్పించాలని రాయలేదు.

లీడ్స్ డాక్టర్ రావు
ఇద్దరి మాటా నిజమే. మెక్వీన్ వల్ల ఒక మేలు జరిగింది, ఇళ్ళల్లో ఒకరి నుంచి ఒకరికి అంటడం చాలా తక్కువ. సబ్బూ నీళ్ళూ అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు మరి. చావులు తక్కువగా ఉండటానికి మాత్రం కారణం క్లోరంఫెనికాల్ అనే యాంటీబయాటిక్. అదే మందు లేని రోజుల్లో, 1937లో క్రాయ్‌డన్‌లో 341 మందికి టైఫాయిడ్ వస్తే 43 మంది పోయారు.

క్రాయ్‌డన్ కథ వింటే ఊరి ఆఫీసర్ల మీద మోజు కొంచెం తగ్గుతుంది. ఆడింగ్టన్ బావి ఊరికి నీళ్ళిచ్చేది. దానిలో మరమ్మతులకు కూలీలు దిగారు. వాళ్ళలో ఒకతనికి వెనకెప్పుడో టైఫాయిడ్ వచ్చి తగ్గింది, ఒంట్లో క్రిమి మిగిలిపోయింది, అతనికే తెలియదు. అదే సమయంలో క్లోరిన్ ఆపేశారు. బావి పని ఇంజనీరు శాఖది, హెల్త్ ఆఫీసరుకు చెప్పనేలేదు. ఇద్దరూ ఒకే కౌన్సిల్ ఉద్యోగులు!

శానిటరీ శ్రీనివాసు
ఇంజనీరింగ్ సెక్షనూ హెల్త్ సెక్షనూ ఒకే మెట్ల మీద ఎదురుపడి కూడా మాట్లాడుకోరండి. సీమలోనూ అంతేనన్నమాట. నేను పైన చెప్పిన పైపు సంగతీ అదే. రోడ్డు తవ్వింది వాళ్ళు, కబురు మాకు రోగాలు వచ్చాక.

కోరంటి యాదగిరి
అబ్బ, మంచిగ నడుస్తున్నది ముచ్చట. మాది నల్లకుంట. మా దిక్కు ఫీవర్ దవాఖానను పాతోళ్ళు ఇప్పటికీ కోరంటి అనే అంటరు. క్వారంటైన్ అన్న మాటే మా నోట్ల వడి కోరంటి అయ్యింది. చిన్నప్పుడు అల్లరి చేస్తే "కోరంటిల ఏసొస్త" అని బెదిరించేది మా నాయనమ్మ. కంఠసర్పి పోరగాళ్ళు ఆడికి మొన్నమొన్నటిదాకా వచ్చిండ్రు. ఇంగ్లండ్‌ల ఆ రోగం ఎప్పుడు పోయింది?

లెక్కల మాష్టారు
ఇదిగో, నాకు నచ్చిన లెక్క. బ్రిటన్‌లో 1940లో కంఠసర్పి కేసులు 61,000 పైన, చావులు 3,283. ఆ ఏడాదే టీకా ఉద్యమం మొదలైంది. 1957లో కేసులు 38, చావులు 6. పదిహేడేళ్ళలో! తరగతిలో గ్రాఫు గీయిస్తే పిల్లలు స్కేలు తప్పుగా వేశామనుకుంటారు. వాసుగారి ప్రశ్నకు ఇదే నా జవాబు: టీకా.

చరిత్ర శేషు
మాష్టారూ, లెక్క సరైనదే. దాని ముందు పేజీ కూడా చూడాలి. ఆ టీకా 1940లో కొత్తది కాదు. కెనడాలో, అమెరికాలో అంతకు పదేళ్ళ ముందే పిల్లలకు వేస్తున్నారు. బ్రిటన్‌లో ఏం చేశారంటే, ఇష్టమున్న ఊరు తన డబ్బుతో వేసుకోమన్నారు. చురుకైన హెల్త్ ఆఫీసరున్న ఊళ్ళో పిల్లలు బతికారు, పట్టనివాడున్న ఊళ్ళో పోయారు. యుద్ధమొచ్చి, ఖర్చు ప్రభుత్వం పెట్టుకున్నాకే అందరికీ అందింది. ఊరికొక ఆఫీసరు అన్న ఏర్పాటులో పెద్ద లోపం ఇదే. నాకు ఆ పదవి మీద ఎంత గౌరవమున్నా ఇది దాచలేను.

లెక్కల మాష్టారు
ఒప్పుకున్నాను. కానీ టీకా వేసినవాళ్ళెవరు? ఢిల్లీ నుంచి, అదే లండన్ నుంచి మంత్రి రాలేదుగా.

చరిత్ర శేషు
అదీ నిజమే. వేసింది వీళ్ళే. ఊరి క్లినిక్కుల్లో, బళ్ళల్లో. ఇల్లిల్లూ తిరిగి తల్లుల్ని ఒప్పించింది హెల్త్ విజిటర్లు, అంటే ఇళ్ళకు వెళ్ళి తల్లీపిల్లల్ని చూసే నర్సులు. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు.

కార్డిఫ్ కల్పన
బ్రిటన్‌లో టీకాలు బలవంతంగా వేసేవారని మా మావయ్య అంటారు. జరిమానా కూడా ఉండేదట. నిజమా?

చరిత్ర శేషు
మశూచి టీకా ఒక్కదానికి, అదీ పసిపిల్లలకు. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైన రోజే ఆ నిర్బంధం పోయింది. అదే రోజు ఇంకోటి కూడా పోయింది. ఫీవర్ హాస్పిటళ్ళు కౌన్సిళ్ళ చేతుల్లోంచి ప్రాంతీయ ఆసుపత్రి బోర్డులకు వెళ్ళిపోయాయి. హెల్త్ ఆఫీసరుకు టీకాలు, మంత్రసానులు, హెల్త్ విజిటర్లు, అంబులెన్సు మిగిలాయి. జబ్బును వెతికే పని ఆయనది, మంచం ఇంకొకరిది.

రత్న, బ్రాడ్‌ఫర్డ్
కల్పనగారు మశూచి ఎత్తారు కాబట్టి మా ఊరి సంగతి చెప్పాలి. 1961 డిసెంబరులో కరాచీ నుంచి తొమ్మిదేళ్ళ పాప వచ్చింది. జ్వరంతో పిల్లల ఆసుపత్రిలో చేరి నెలాఖరులో చనిపోయింది. ఆ పాపకు మలేరియా కూడా ఉంది, అందుకే మశూచి అని ఎవరికీ తట్టలేదు. జనవరిలో అదే ఆసుపత్రి చుట్టూ వరసగా కేసులు బయటపడ్డాయి. మొత్తం 14 మందికి వచ్చింది, ఆరుగురు పోయారు. పాప శవపరీక్ష చేసిన పాథాలజిస్టు కూడా పోయాడు.

ఐదు రోజుల్లో రెండున్నర లక్షల మందికి పైగా టీకాలు వేయించుకున్నారు. క్యూలు వీధులు దాటాయని మా పాత సిస్టర్లు చెప్పేవారు. డెరిక్ టోవీ అనే పాథాలజిస్టు, హెల్త్ శాఖ మనుషులు కలిసి ఎవరు ఏ వార్డులో ఎప్పుడున్నారో చీటీలు రాసుకుని కూర్చున్నారు. అంటిన అనుమానమున్న వాళ్ళను పదహారు రోజులు రోజూ ఇంటికి వెళ్ళి చూడాలి.

ఇది మనసులో పెట్టుకుని రాస్తున్నాను: సోకింది ఎక్కువగా ఆసుపత్రి లోపల, చనిపోయినవాళ్ళలో తెల్లవాళ్ళే ఎక్కువ, అయినా తిట్లు తిన్నది పాకిస్తానీ మిల్లు కార్మికులు. సరిగ్గా అప్పుడే వలసల్ని కట్టడి చేసే బిల్లు పార్లమెంటులో నడుస్తోంది. జబ్బుకు దేశం పేరు తగిలిస్తే ఏమవుతుందో ఈ ఊళ్ళో పెద్దలనడగండి. 2020లో మళ్ళీ చూశాం.

కార్డిఫ్ కల్పన
సౌత్ వేల్స్‌లో అదే సమయంలో ఇంకా పెద్దది. 45 కేసులు, 19 చావులు. తొమ్మిది లక్షల మందికి టీకాలు వేశారు. రోండా లోయలో కొండ మీద పెన్‌రిస్ అని మశూచి ఆసుపత్రి ఉండేది. రోగులను అక్కడికి చేర్చారు. తర్వాత 1971లో దాన్ని కావాలనే తగలబెట్టించారు. గోడల్లో క్రిమి ఉంటుందన్న భయం. ఇప్పుడు ఆ కొండెక్కితే గాలి తప్ప ఏమీ లేదు. పోయినేడు మా అబ్బాయితో వెళ్ళాను.

లీడ్స్ డాక్టర్ రావు
తొమ్మిది లక్షల టీకాలు అవసరం లేదని అప్పుడే చాలామంది ఆఫీసర్లు అన్నారు. రోగి చుట్టూ ఉన్నవాళ్ళను పట్టుకుంటే చాలని వాళ్ళ వాదన. జనం భయపడి క్యూ కట్టారు, కాదనలేకపోయారు. తర్వాత మన దేశంలో మశూచిని ముగించింది ఆ చుట్టూ పట్టుకునే పద్ధతే: కేసు వెతుకు, చుట్టూ టీకా వెయ్యి. లెస్టర్ ఊరు పందొమ్మిదో శతాబ్దంలోనే టీకా వద్దని మొండికేసి, కేసు తెలిస్తే కబురు చెయ్యడం, రోగిని వేరుగా ఉంచడం, చుట్టూ ఉన్నవాళ్ళ మీద నిఘా పెట్టడంతో మశూచిని నెట్టుకొచ్చింది. మా ప్రొఫెసరు ఈ కథ గుంటూరులో చెప్పినప్పుడు నేను నమ్మలేదు.

గ్లాస్గో సుధ
క్షయ మాట ఎవరూ ఎత్తలేదేం? మా అత్తగారి ఊరు కాదు గానీ, నేనున్న ఊరి గర్వం అది. 1957 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఐదు వారాలు గ్లాస్గో మొత్తానికి ఛాతీ ఎక్స్‌రే తీశారు. రెండున్నర లక్షల మంది వస్తే చాలనుకున్నారు, ఏడు లక్షలు దాటారు! దేశం నలుమూలల నుంచి ఎక్స్‌రే వ్యాన్లు తెప్పించారు. తీయించుకున్నవాళ్ళకు కోటుకు పెట్టుకునే బ్యాడ్జి, లాటరీలో బహుమతులు. వీధుల వారీగా వాలంటీర్లు తలుపు తట్టి "మీరింకా రాలేదే" అని అడిగారు. మా ఆఫీసులో ఒకాయన వాళ్ళ అమ్మ బ్యాడ్జి పర్సులో పెట్టుకు తిరుగుతాడు.

లెక్కల మాష్టారు
ఏడు లక్షలకు బ్యాడ్జీలా! మా స్కూల్లో ఏడు వందలకు చేయించడానికే నెల పట్టింది.

మదనపల్లె మురళి
సుధగారూ, ఎక్స్‌రే తీసి రోగం కనిపెట్టాక మంచం ఎక్కడుంది? యుద్ధం తర్వాత స్కాట్లండ్‌లో శానిటోరియం (క్షయ ఆసుపత్రి) మంచాలు చాలక, నర్సులు దొరక్క, 1951 నుంచి రోగుల్ని స్విట్జర్లాండ్ పంపారు. 1957 నాటికి ఆ ఎక్స్‌రేలకు అర్థం వచ్చిందంటే స్ట్రెప్టోమైసిన్, పీఏఎస్, ఐసోనయజిడ్ అనే మూడు మందులూ కలిపి ఇవ్వడం ఎడింబరోలో జాన్ క్రాఫ్టన్ బృందం నేర్పాక.

ఇందులో మన దారి కూడా కలుస్తుంది. మా ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచి ఉంది. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలుపెట్టినప్పుడు మదనపల్లె ముందు వరసలో ఉంది. బ్రిటన్‌లో బడి ముగించే పిల్లలకు బీసీజీ ఇవ్వడం 1953లో గానీ మొదలవలేదు. మా తాత ఆరోగ్యవరంలో తోటమాలి, ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది.

ఇంకొకటి. 1956లో మద్రాసులో బ్రిటిష్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ తోడుతో ఒక పరిశోధన పెట్టారు, వాలెస్ ఫాక్స్ నడిపించాడు. సగం మందికి శానిటోరియంలో, సగం మందికి ఇరుకు ఇళ్ళల్లోనే మందు. ఇంట్లో ఉన్నవాళ్ళకూ అంతే బాగా తగ్గింది, ఇంటివాళ్ళకు అదనంగా సోకలేదు. 1959లో ఆ ఫలితాలు వచ్చాక ప్రపంచంలో శానిటోరియంల కాలం చెల్లింది. మద్రాసు పేటల్లో పేదవాళ్ళు నేర్పిన పాఠమది.

కోరంటి యాదగిరి
గిది కొత్త ముచ్చట నాకు. మద్రాసుల అయ్యిందని ఎవ్వరు చెప్పలే.

లీడ్స్ డాక్టర్ రావు
మురళీ, చాలా బాగా చెప్పావు బాబూ. ఈ మందుల వాదనకు ఇంకో వైపు ఉంది. బర్మింగ్‌హామ్‌లో థామస్ మెకియోన్ అనే ప్రొఫెసరు, చావులు మందుల కంటే ముందే తగ్గడం మొదలైందనీ, కారణం తిండీ బతుకూ మెరుగవడమేననీ వాదించాడు. క్షయకు అది చాలావరకు సరిపోతుంది. మాష్టారి కంఠసర్పి లెక్కకు సరిపోదు. పోలియోకు అసలే సరిపోదు. 1959లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జెఫ్ హాల్ పోలియోతో పోయాడు. మంచి తిండి, గట్టి ఒళ్ళు. అప్పటిదాకా టీకాకు రాని కుర్రాళ్ళు మర్నాటి నుంచి క్లినిక్కుల ముందు బారులు తీరారు. 1961లో హల్ నగరంలో పోలియో వస్తే నోటి చుక్కల మందు చక్కెర బిళ్ళ మీద వేసి ఒక్క వారంలో మూడు లక్షల మందికి పైగా ఇచ్చారు.

రత్న, బ్రాడ్‌ఫర్డ్
అన్నీ సరే. పిల్లల మాట ఎవరూ అనరే? స్కార్లెట్ ఫీవర్ అని ఆరు వారాలు తల్లిని చూపించకుండా ఉంచేవారు. వెంట తెచ్చుకున్న బొమ్మను తిరిగి ఇంటికి పంపేవారు కాదు. డెబ్భై ఏళ్ళ పేషెంట్లు ఆ బొమ్మ తలచుకుని నా ముందు కన్నీళ్ళు పెట్టుకున్నారు. క్రిమి లెక్కలు రాసిన రిజిస్టర్లో ఇది ఎక్కడ రాశారు?

లీడ్స్ డాక్టర్ రావు
రత్నగారూ, నేను 1976లో వచ్చినప్పుడు అద్దెకున్న ఇంటి ఆవిడ చెప్పేది. పిల్లవాడికి ఆసుపత్రిలో ఒక నంబరు ఇస్తారు. సాయంత్రం పేపర్లో నంబర్లు వేస్తారు: ప్రమాదంగా ఉన్నవి, నిలకడగా ఉన్నవి, కోలుకుంటున్నవి. వాళ్ళ నాన్న పని నుంచి వస్తూ దీపస్తంభం కింద నిలబడి పేపరు విప్పి తమ్ముడి నంబరు ఏ వరసలో ఉందో చూసి గానీ ఇంటికి వచ్చేవాడు కాదట. 1959లో ఆసుపత్రుల్లో పిల్లల బాగోగులు చూసిన ప్లాట్ కమిటీ తల్లిదండ్రుల్ని రానివ్వమని గట్టిగా చెప్పాకే మెల్లగా మారింది. మీరడిగినదానికి జవాబు లేదు. ఎక్కడా రాయలేదు.

అబర్దీన్ వాసు
అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్క ప్రశ్న. మరి ఆ పదవి ఎందుకు తీసేశారు?

చరిత్ర శేషు
1974లో ఆరోగ్య సేవను తిరగరాసినప్పుడు కౌన్సిళ్ళ నుంచి తీసి ఆరోగ్య అథారిటీల్లో కలిపారు. కొత్త పేరు కమ్యూనిటీ ఫిజీషియన్. అంటురోగాల పని అయిపోయింది, ఇక ప్లానింగే అనుకున్నారు. ఇంగ్లండ్‌లో 2013లో మళ్ళీ కౌన్సిళ్ళకే తెచ్చారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు సోకినవాళ్ళకూ వాళ్ళను కలిసినవాళ్ళకూ ఫోన్లు చేసే పని దేశమంతటికీ కలిపి కాల్ సెంటర్లకు ఇచ్చారు. ఎత్తనివాళ్ళు ఎత్తలేదు. బ్లాక్‌బర్న్ కౌన్సిల్ తన మనుషుల్ని తలుపులు తట్టడానికి పంపింది. 1889లో చేసిన పనే.

శానిటరీ శ్రీనివాసు
వాసుగారూ, ఆ పెద్దావిణ్ణి నా తరఫున ఒకటి అడగండి. 1964లో వాళ్ళింటికి హెల్త్ శాఖ మనిషి వచ్చాడా? వస్తే ఎక్కడ కూర్చున్నాడు? నేను ఎప్పుడూ వంటింటి గుమ్మంలోనే కూర్చునేవాణ్ణి. ముందు గదిలో కూర్చుంటే ఎవరూ నిజం చెప్పరండి.

అబర్దీన్ వాసు
శ్రీనివాసుగారూ, నిన్న సాయంత్రం అడిగాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళిన మర్నాడు ఒక మనిషి వచ్చాడట, అమ్మ తర్వాత చెప్పిందట. వంటింట్లోనే కూర్చున్నాడు. టీ ఇస్తే వద్దన్నాడు, గ్లాసెడు నీళ్ళు కూడా తాగలేదు. వాళ్ళమ్మకు ఏ రోజు ఏం వండిందో గుర్తు రాక ఏడ్చేసిందట. ఆయన పెన్సిలు కింద పెట్టి, "తొందర లేదమ్మా, ఆదివారం నుంచి మొదలుపెడదాం, చర్చి నుంచి వచ్చాక ఏం తిన్నారు?" అన్నాడట.